జార్జి వెస్టింగ్‌హౌస్

వేలూరు చేరువనున్న కాట్పాడి నుండి జోలార్‌పేటకు పోవు రైలుమార్గమున గుడియాత్తము స్టేషను కలదు. అచ్చట రైళ్లు ఆగుట మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. ఇంజను ఆగినంత మాత్రమున రైలు ఆగదు. వెనుక పెట్టెల బరువు దానిని ముందునకు త్రోయుచుండును. పల్లమున దిగు బండి కాడిని ఎద్దుల మెడలపైకి నెట్టునట్లే యిది. ఈ చిక్కును తీర్చినవాడు జార్జి వెస్టింగ్‌హౌస్.

ఆయన 1846 అక్టోబరు 6వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రి వ్యవసాయ యంత్రములు చేయువాడు. జార్జి అంతర్యుద్ధమున సైన్యములోను, నౌకాదళములోను పనిచేసి, పిదప కళాశాలలో చేరి మూడు నెలలకే విడిచిపెట్టెను. తండ్రి కర్మాగారమే ఆయనకు అసలు పాఠశాల.

ఆ కాలమున ఇంజను కూత వినగానే పనివారు కదలుచున్న పెట్టెల పైకప్పులపై పరుగెత్తి, ఒక్కొక్క పెట్టె బ్రేకుచక్రమును చేతులతో బిగించెడివారు. వానలో, మంచులో జారిపడి యెందరో చనిపోయిరి. 1866 ప్రాంతమున రెండు గూడ్సురైళ్లు ఢీకొన్న చోటును వెస్టింగ్‌హౌస్ చూచెను. డ్రైవర్లు ఒకరి బండిని ఒకరు చూచియు ఆపలేకపోయిరి. ఆల్ప్సు పర్వతములలో ఒత్తిడిగాలితో సొరంగము తొలుచుచున్నారని పత్రికలో చదివి, ఆ గాలినే బ్రేకులకు వాడదలచి 1869లో పేటెంటు పొందెను. అప్పటికి ఆయనకు 22 ఏండ్లే.

కాని ఆ బ్రేకులో పెద్ద లోపముండెను. ఇంజను నుండి గాలి పంపినప్పుడే అది పడును. గొట్టము తెగినను, కొక్కెము ఊడినను వెనుక పెట్టెలకు బ్రేకే లేదు. మిక్కిలి అవసరమైన ఘడియలోనే పనికిరాదన్నమాట! 1872లో ఆయన పద్ధతిని తలక్రిందులు చేసెను. గొట్టము నిండ ఎల్లప్పుడు గాలి యుండును. ప్రతి పెట్టె క్రిందను సొంత గాలితొట్టి, ఒక కవాటము ఉండును. గొట్టములో ఒత్తిడి తగ్గగానే కవాటము కదలి, తొట్టిలోని గాలి బ్రేకును బిగించును. డ్రైవరు తగ్గించినను, గొట్టము తెగినను ఫలమొక్కటే. నయాగరా జలపాతపు విద్యుత్తుకు యంత్రములు సమకూర్చిన కీర్తియు ఆయనకున్నది గాని, నాకు ఈ కవాటమే గొప్పదిగా తోచును.

డ్రైవరే రైలునంతటిని ఆపగల బ్రేకులుండవలెనని 1893లో అమెరికాలో చట్టము వచ్చెను. మన దేశపు రైళ్లు చాలకాలము వాక్యూం బ్రేకులు వాడి, తరువాత గాలిబ్రేకులకు మారినవి.

నేడు విదేశములలో ఇల్లువలె అమర్చిన పెద్ద మోటారుబండి వెనుక చిన్న కారును తగిలించుకొని యాత్రలు చేయువారు కలరు. వారును ఆ కారునకు వేరుగా బ్రేకు పడునట్లు అమర్చి, లంకె తెగినచో అది తనంతట తానే బిగియుటకు ఒక తీగను కట్టుదురు.

వెస్టింగ్‌హౌస్ 1914 మార్చి 12వ తేదీన న్యూయార్కు నగరమున మరణించెను. ఆయన సమాధి ఆర్లింగ్టన్ సైనిక శ్మశానమున నున్నది.