అర్ణోస్ పాదిరి: సంస్కృతాభ్యాసము

జర్మనీ దేశమున ఓస్నాబ్రూక్ సమీపమున 1681లో జన్మించిన యోహాన్ ఎర్న్‌స్ట్ హాంక్‌స్లేడెన్ కేరళమున అర్ణోస్ పాదిరిగా సుప్రసిద్ధుడు. యేసుసభలో చేరిన ఆయన 1700లో సూరతు మీదుగా భారతదేశమునకు వచ్చి, కేరళమున గురుదీక్ష పొందెను.

బోధింప వచ్చినవాడు ముందుగా శిష్యుడు కావలసివచ్చెను. అన్యమతస్థులకు సంస్కృతము నేర్పుటకు పండితులు వెనుదీయు కాలమది. అయినను నంబూద్రి పండితుల సాయమున ఆ భాషను అభ్యసించి, లాటిన్‌లో సంస్కృత వ్యాకరణమును రచించెను. పూంతానము ‘జ్ఞానప్పాన’ను కూర్చిన పాన ఫణితినే గ్రహించి, మలయాళమున ‘పుత్తన్ పాన’ అను క్రీస్తు చరితమును వెలయించెను. ఆ కావ్యము కేరళ క్రైస్తవ గృహములలో శ్రమల దినములందు గానము చేయబడుచు వచ్చినది. వేలూరున దేవాలయమును నెలకొల్పి సేవచేసిన ఆయన, 1732 మార్చి 20న పళువిల్‌లో పరమపదించెను.

వ్యాకరణము మాత్రము ఆయన జీవితకాలమున అచ్చు కాలేదు. అనంతర కాలమున పౌలినుస్ పాదిరి ఆయన వ్రాతప్రతులను ఉపయోగించుకొని 1790లో రోమున ‘సిద్ధరూపము’ను ప్రకటించెను. ఐరోపాలో ముద్రితమైన తొలి సంస్కృత వ్యాకరణమది. అర్ణోస్ మూలప్రతి నష్టమైనదని పండితులు తలచుచుండగా, 2010లో ఇటలీలోని మోంతెకొంపాత్రి మఠమున లభించి, 2013లో వెలుగు చూచెను.

ప్రథమ ముద్రణ ఖ్యాతి మరియొకరికి దక్కినను ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. మతము వేరైనను, గురుశుశ్రూషచే విద్య నార్జించి దానిని పరులకు అందించిన అర్ణోస్, మన విద్యాపరంపరకు పరాయివాడు కాడు.