గ్రంథాలయమునుండి మెఱుపుదాక: బెంజమిన్ ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాలోని బోస్టను నగరమున కొవ్వొత్తుల వర్తకుని యింట జన్మించెను. బడిచదువు రెండేండ్లే, అచ్చుకూటమున పనిచేయుచు పుస్తకములనే గురువులుగా నెంచెను. 1731లో ఫిలడెల్ఫియాయందు ఏబదిమంది చందాదారులతో గ్రంథాలయమును స్థాపించెను. దానికి లండనునుండి వచ్చిన గాజుగొట్టమును రుద్ది పరీక్షింపగా, రాపిడి విద్యుదావేశమును పుట్టింపదనియు, ఒక వస్తువునుండి వేఱొకదానికి తరలించుననియు తెలిసెను. 1747లో, జమాఖర్చు లెక్కవలె, హెచ్చును ధనమనియు తగ్గును ఋణమనియు వ్యవహరించెను.

1752లో గాలిపటపు పరీక్షచే మెఱుపు కూడ విద్యుత్తేయని నిరూపించెను. భూమిలోనికి దించిన మొనగల యినుపకడ్డీ పిడుగునుండి యిండ్లను కాపాడునని లోకమునకు చాటెను. 1790లో దివంగతుడయ్యెను.

ఉఱుము వినగానే చెట్టుక్రిందినుండి తొలగి గట్టి యింటిలో చేరవలెనని జన్వాడ రైతునకు చెప్పు శాస్త్రము, ఇట్లు మన గ్రంథాలయమువంటి చందాల పుస్తకశాలలో మొలకెత్తినది.