పెస్టలోజీ మహాశయుడు

ఉపాధ్యాయ శిక్షణమును పొందినవారిలో పెస్టలోజీ పేరు విననివారు అరుదు. మేమును శిక్షణ కళాశాలలో ఆయన బోధనాపద్ధతిని చదివి, పరీక్షయందు వ్రాసి, పిమ్మట చాలవఱకు మఱచితిమి. అనేక సంవత్సరములు పాఠములు చెప్పిన తరువాత ఆయన చరిత్రమును మరల చదువగా, ఆయన పద్ధతికంటె ఆయన పొందిన అపజయములే మాకు ఎక్కువ బోధించినవి. కావున వానినే మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

పెస్టలోజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ నగరమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. బాలునికి అయిదేండ్ల ప్రాయముననే ఆయన గతించెను. తల్లియు, నమ్మకముగల యొక పనికత్తెయు కడుపు కట్టుకొని పిల్లలను పెంచిరి. తాతగారు సమీపగ్రామమున సంఘకాపరి. ఆయన వెంట బీదల యిండ్లకు పోయి, వారి బిడ్డల దురవస్థను పెస్టలోజీ చిన్ననాడే కన్నులార చూచెను.

1769లో అన్నా అను నామెను వివాహమాడి, బిర్ర్ గ్రామసమీపమున భూమి కొని, దానికి న్యూహోఫ్ అని పేరిడి సేద్యము చేసెను. సేద్యమున నష్టమే కలిగెను. అయినను 1774లో దిక్కులేని బీదపిల్లలను తన యింట చేర్చుకొని, వారిచేత నూలు వడికించుచు, చేనిపని చేయించుచు, చదువును లెక్కలను నేర్పసాగెను. పిల్లల దేహములు పుష్టిపొంది, ఒంటికి క్రొత్తబట్టలు వచ్చినతోడనే, తలిదండ్రులలో పలువురు వారిని చెప్పకయే తీసికొనిపోవుచుండిరి. బిడ్డల కూలి తమకు రావలెనని జగడమాడినవారును గలరు. భార్య తెచ్చిన ధనమంతయు వ్యయమై, 1780లో ఆ శాల మూతపడెను.

ఇచ్చట ఒక విచారకరమైన సంగతిని దాచరాదు. పరుల బిడ్డలకై ఇంత పాటుపడిన ఈయన, ప్రకృతియే గురువని నమ్మి, తన యేకపుత్రునికి చాలకాలము చదువను వ్రాయను సరిగా నేర్పలేదు. రోగపీడితుడైన ఆ కుమారుడు 1801లో తండ్రికంటె ముందే మరణించెను. తలిదండ్రుల బాధ్యతను గూర్చి ఆయన వ్రాసినదానిలో ఈ బాధయు చేరియుండునని మేము తలంచుచున్నాము.

1781లో ఆయన లియొనార్డు, గెర్‌ట్రూడు అను దంపతుల కథను ప్రకటించి మిక్కిలి కీర్తి పొందెను. త్రాగుడుకు లోబడిన తాపీపనివాని భార్యయైన గెర్‌ట్రూడు, రాట్నముకడ కూర్చుండియే బిడ్డలకు లెక్కలును నీతియు నేర్పును. ఆ కథ యొక్క పిమ్మటి భాగములలో గ్రామపు బడిపంతులు ఆమె యింటికి వచ్చి, ఆమె విధానమును చూచి తన బడిని దిద్దుకొనును. గ్రామాధిపతియు సంఘకాపరియు వారికి తోడై ఊరిని బాగుచేయుదురు. ఇల్లు, బడి, ఊరు ఏకమైన ఆ దృశ్యము పెస్టలోజీకి పుస్తకమందే గాని లోకమందు పూర్తిగా లభింపలేదు.

1798లో ఫ్రెంచిసేనలు స్టాన్స్ పట్టణప్రాంతమును నాశనముచేయగా పెక్కుమంది పిల్లలు అనాథలైరి. 1799 జనవరిలో పెస్టలోజీ ఒక మఠపు కట్టడమున సుమారు 80 మందిని చేర్చుకొనెను. సహాయమునకు ఒక పనికత్తె తప్ప ఎవ్వరును లేరు. ఆయన వారితోనే భుజించి, వారి నడుమనే నిద్రించి, వారి గజ్జిని పుండ్లను తానే కడిగెను. ఊరివారు మాత్రము ఆయనను అన్యశాఖవాడనియు, ప్రభుత్వపు మనిషియనియు శంకించిరి. పిల్లలు ఒకరినొకరు ఆదరింప నేర్చుచుండగనే, జూన్ మాసమున ఆ కట్టడము సైనికుల ఆసుపత్రికి కావలసివచ్చెను. శాల చెదరిపోయెను.

అప్పటికి ఆయనకు 53 ఏండ్లు. అయినను బర్గ్‌డార్ఫ్ పట్టణమునకు పోయి, అచ్చట ఒక చెప్పులుకుట్టువాని బడిలో చిన్నపిల్లలకు పాఠములు చెప్ప మొదలిడెను. వస్తువును కంటితో చూపి, చేతితో తాకించి, పిమ్మట మాట నేర్పవలెనను ఆయన పద్ధతి అచ్చటనే ప్రసిద్ధికెక్కెను. 1805 మొదలు ఇవర్‌డన్‌లో నడపిన పాఠశాలకు నానాదేశములనుండి విద్యార్థులును ఉపాధ్యాయులును వచ్చిరి. కిండర్‌గార్టెన్ స్థాపకుడైన ఫ్రోబెల్ 1808 మొదలు 1810 వఱకు అచ్చట నుండెను. కాని సహోపాధ్యాయులు పక్షములుగా చీలి కలహించిరి. 1825లో ఆ పాఠశాలయు మూతపడెను. 1827 ఫిబ్రవరి 17వ తేదీన పెస్టలోజీ తనువు చాలించెను. ఆయన సమాధి బిర్ర్ గ్రామమున నున్నది.

న్యూహోఫ్‌లో తలిదండ్రులు చేయి విడిచిరి. స్టాన్స్‌లో లోకులును ప్రభుత్వమును విడిచిరి. ఇవర్‌డన్‌లో ఉపాధ్యాయులే విడిచిరి. ముక్కాలిపీటకు ఏ కాలు విఱిగినను కూర్చున్నవాడు పడకతప్పదు. పడినది మాత్రము ప్రతిసారియు బిడ్డయే.

కోతలకాలమున బిడ్డను బడి మాన్పించు తండ్రియు, ఇంటి క్రమము చాలదని తల్లిని నిందించి ఊరకుండు మేమును, పొరుగుపిల్లవాడు వీధిని తిరుగుచుండగా నాకేమని తలుపు మూసికొను గృహస్థుడును ఈ చరిత్రమున తమ్ము చూచుకొనవచ్చును. మాసమునకొకసారియైనను తలిదండ్రులు బడికి వచ్చుట, ఉపాధ్యాయులు విద్యార్థుల యిండ్లకు పోవుట కష్టమైన పనులు కావు. గెర్‌ట్రూడు యింటికి ఆ బడిపంతులు పోయినట్లు మేమును పోదుము. మా రాకకు మీ తలుపులు తెఱచియుండుగాక.