జపానులో రాస్ బిహారీ బోసు: పరవాసము, భాష, విశ్వాసము

జంషెడ్‌పూరునకు జపానుతో రెండు విధములైన సంబంధము కలదు. మొదటిది ఇనుము. 1919 వఱకు సాక్చి అని పిలువబడిన ఆ ఊరి టాటా కర్మాగారమున 1912లో తొలి ఉక్కు దిమ్మె పోయబడెను. రెండు ప్రపంచయుద్ధముల నడుమ భారతదేశపు దుక్క ఇనుమును కొనిన దేశములలో జపాను ముఖ్యమైనది. ఆ ఊరి కొలుములనుండియు ఇనుము ఆ దేశమునకు వెళ్ళెను. రెండవ సంబంధము మనుష్యులది. 1928లో అచటి ఉక్కు కార్మికులు సమ్మెలో నుండగా వారి సంఘమునకు అధ్యక్షుడైన సుభాష్ చంద్రబోసు, పదునైదేండ్ల తరువాత సింగపూరులో మఱియొక బోసు చేతినుండి ఆగ్నేయాసియా భారతీయుల నాయకత్వమును స్వీకరించెను. ఆ మఱియొక బోసు రాస్ బిహారీ. ఆయన అప్పటికి ఇరువదియెనిమిదేండ్లుగా జపానులో నివసించి, ఆ దేశపు పౌరుడై, ఆ దేశభాషలో గ్రంథములు రచించియుండెను.

విప్లవకారుడుగా ఆయనను గూర్చి మనవారు చాల వ్రాసిరి. పరదేశమున బ్రదుకు నేర్చుకొనినవానిగా ఆయనను చూచుట అరుదు. భాషాధ్యయనపరులకు ఈ రెండవ దృష్టియే ఎక్కువ ఉపకరించును. ఒక మనిషి అన్యదేశపు భాషను, భోజనమును, పేరును, కుటుంబమును తనవిగా చేసికొనినప్పుడు ఆయనకు లభించునది ఏమి, చేజారునది ఏమి అను ప్రశ్నకు ఈ జీవితమున స్పష్టమైన సమాధానము కలదు.

రాస్ బిహారీ 1886 మే 25వ తేదీన బంగాళములోని బర్ధమాన్ జిల్లా సుబల్‌దహ గ్రామమున జన్మించెను. బాల్యమున కొంతభాగము ఫ్రెంచివారి పాలనలోని చందర్‌నగరున గడచెను. యౌవనమున డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థయందు గుమాస్తాగా చేరి ప్రధాన గుమాస్తా పదవికి వచ్చెను. పగలు కార్యాలయపు కాగితములు, రాత్రి రహస్య సంఘముల పని. 1912 డిసెంబరు 23న ఢిల్లీ చాందనీచౌకులో వైస్రాయి హార్డింజిపై పడిన బాంబు వెనుకనున్న ప్రధాన సూత్రధారి ఆయనయే. ఆ వెంటనే డెహ్రాడూనునకు తిరిగివచ్చి, ఆ దాడిని ఖండించుటకు ఏర్పడిన సభలో ఆయన కూడ పాల్గొనెను. వేఱొకనివలె కన్పట్టుట ఆయనకు జపాను నేర్పిన విద్య కాదు. అది ఆయన వెంట జపానుకు వెళ్ళిన విద్య.

1915 ఫిబ్రవరిలో సైనికుల తిరుగుబాటునకు చేసిన ప్రయత్నము లోపలివాని ద్రోహమువలన విఫలము కాగా లాహోరులో అరెస్టులు మొదలయ్యెను. ఆయనకు దేశమున తావు లేకపోయెను. ఆ యేడు మే 12న కలకత్తాలో సానుకి మారు అను జపాను ఓడనెక్కెను. ప్రయాణమునకు ఎంచుకొనిన పేరు ప్రియనాథ్ టాగూరు. రవీంద్రుడు జపాను యాత్ర చేయదలచియుండుటచే, ఆయన బంధువొకడు ముందుగా ఏర్పాట్లు చూచుటకు వెళ్ళుచున్నాడనిన ఎవరును శంకింపలేదు. 1913లో నోబెలు బహుమానము పొందిన కుటుంబనామము అప్పుడు అనుమతిపత్రమంత బలము కలది. జూను 5న ఆయన కోబే రేవున దిగెను. రవీంద్రుడు మఱుసటి యేట, 1916లో, నిజముగానే జపానుకు వచ్చెను.

టోక్యోలో ఆయనకు మొదట తోడ్పడినవాడు తనవలెనే ప్రవాసియైన చైనా నాయకుడు సన్ యట్ సేన్. అతని మూలమున జాతీయవాదులలో గొప్ప పలుకుబడిగల తోయామా మిత్సురుతో పరిచయము కలిగెను. నవంబరు నెలాఖరున లాలా లజపతిరాయి ప్రసంగించిన ఒక సభ బ్రిటిషు దౌత్యకార్యాలయమునకు ఆగ్రహము కలిగించెను. యుద్ధమున బ్రిటనుకు మిత్రదేశమైన జపాను ప్రభుత్వము, రాస్ బిహారీని ఆయన సహచరుడు హేరంబలాల్ గుప్తను డిసెంబరు 2లోపల దేశము విడువవలసినదిగా ఉత్తరువు చేసెను. ఆనాడు బయలుదేరు ఓడలు షాంఘై, హాంకాంగు రేవులమీదుగా పోవును. అక్కడ బ్రిటిషువారికి చిక్కినచో ఉరి తప్పదు.

డిసెంబరు 1 రాత్రి ఆ ఇరువురు తోయామా ఇంటికి వీడ్కోలు చెప్పు నెపమున వెళ్ళి, పెరటిదారిని బయటపడి, షింజుకు ప్రాంతములోని నకమురాయ అను రొట్టెల దుకాణమునకు చేర్చబడిరి. యజమానులు సోమా ఐజో, ఆయన భార్య కొక్కో. 1901లో ఒక చిన్న దుకాణమును కొని వ్యాపారము పెంచినవారు. చిత్రకారులను, శిల్పులను ఆదరించినవారు. రాజకీయములతో నేరుగా సంబంధము లేనివారు. దుకాణము వెనుక చిత్రకారులకై కట్టించిన గదిలో వారు ఈ పరదేశులకు ఆశ్రయమిచ్చిరి. ఐజో తన పనివారందఱిని పిలిచి సంగతి తెలిపి, రహస్యమును కాపాడవలసినదిగా కోరెను. ఒక్కరును మాట జాఱలేదు.

గుప్త ఆ బంధనమును సహింపలేక కొన్నాళ్ళకు వెడలిపోయెను. రాస్ బిహారీ నిలిచెను. ఇంటివారిలో కొక్కోకు మాత్రమే ఇంగ్లీషు తెలియును. ఆమె దూరమైనప్పుడు ఆయనకు మాటలాడుటకు మనిషి లేడు. ఈ నిర్బంధములోనే ఆయన జపాను భాషను పట్టుదలతో నేర్చుకొన నారంభించెను. వీధిలో, విపణిలో, బడిలో విని నేర్చుకొనుట అందఱికి కలుగు అవకాశము. ఆయనకు దక్కినది తలుపు మూసిన గది, ఇంటివారి మాట, కాగితము. కావున ఆయన జపాను భాష మొదటినుండియు ఒక కుటుంబపు భాషగా ఏర్పడెను. ఆ భాషలో గౌరవసూచకములైన క్రియారూపములు బహుళముగా నుండుట భాషావేత్తలకు తెలిసినదే. ఎవరితో ఎట్లు మాటలాడవలెనో ఆశ్రయమిచ్చిన ఇంటియందే తెలిసికొనినవానికి ఆ భేదములు వ్యాకరణసూత్రములు కావు, ఋణానుబంధములు.

1916 వసంతమున ఉత్తరువు వాస్తవముగా సడలింపబడెను. అయినను బ్రిటిషువారి వేగులు వెదకుట మానలేదు. ఆయన ఇల్లు మాఱుచునే యుండెను. అట్లు పదునేడు మాఱులు మాఱినట్లు చెప్పుదురు. కుటుంబములేని పరదేశిని కాపాడుట కష్టమని తలచి, సోమా దంపతుల పెద్ద కుమార్తె తోషికోను ఆయనకిచ్చి వివాహము చేయవలెనని తోయామా ప్రతిపాదించెను. తల్లిదండ్రులు నిర్ణయమును కుమార్తెకే విడిచిరి. ఆమె అంగీకరించెను. 1918 జూలైలో ఆ వివాహము నిరాడంబరముగా జరిగెను. కొత్త దంపతులు కిటికీలు మూసిన ఇండ్లలో, ఎండ సోకని గదులలో కాపురము చేయవలసివచ్చెను. ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. అజ్ఞాతవాసము ముగిసి సుఖపడవలసిన సమయమున తోషికో ఆరోగ్యము చెడి, 1925 మార్చిలో ఇరువదియేడేండ్లైన నిండక మరణించెను. రాస్ బిహారీ మరల వివాహము చేసికొనలేదు. జపాను ఆయనకిచ్చిన ఆశ్రయమునకు అధికమైన వెల చెల్లించినది ఆమెయే.

అంతకు రెండేండ్లముందు, 1923 జూలైలో, ఆయన జపాను పౌరసత్వము పొందెను. అప్పుడు ఇంటిపేరును చైనీయ లిపిచిహ్నములలో వ్రాయవలసివచ్చెను. విదేశీయుల పేర్లను జపానీయులు సాధారణముగా ధ్వనులను మాత్రము తెలుపు కతకానా లిపిలో వ్రాయుదురు. బోసు అను ధ్వనికి ఎంచుకొనిన రెండు చిహ్నములలో మొదటిది కాపాడుట అను అర్థమును, రెండవది ఆవశ్యకతను సూచించును. వంగదేశపు ఇంటిపేరు ధ్వని చెడకుండ జపాను లిపిలో నిలిచెను. పౌరసత్వము మాఱినను పేరు పూర్తిగా పోలేదు. అయితే జనులు ఆయనను పిలిచినది ఇంకొక విధముగా: నకమురాయ బోసు అని. అత్తవారి దుకాణమే ఆయనకు ఇంటిపేరయ్యెను.

ఈ పేరునకు కారణము వంటకము. జపానుకు కూర అను పదార్థము ఇంగ్లీషువారి మూలమున వచ్చెను. తమిళమునందలి కఱి శబ్దము ఇంగ్లీషులో రూపము మాఱి, జపాను భాషలో కరే అయ్యెను. పదముతోపాటు వంటకము కూడ మాఱి, గోధుమపిండితో చిక్కబడిన పులుసుగా మిగిలెను. రాస్ బిహారీకి అది కూరగా తోచలేదు. 1927లో నకమురాయవారు భోజనశాల తెఱచినప్పుడు, ఎముకతోనున్న కోడిమాంసము, పెరుగు, విడివిడిగా వేయించిన మసాలాలు వాడి, భారతీయ పద్ధతిలో వండిన కూరను ఆయన ప్రవేశపెట్టించెను. ఇతరచోట్ల పది, పండ్రెండు సెన్నులకు దొరకు పదార్థమునకు ఇక్కడ ఎనుబది సెన్నులు. అయినను జనులు వచ్చిరి. నకమురాయవారు దానిని కరే అని వ్రాయక కరీ అని వ్రాయుదురు. ఒక్క అచ్చు భేదమున రెండు మార్గముల చరిత్ర ఇమిడియున్నది: ఒకటి లండనుమీదుగా వచ్చినది, రెండవది నేరుగా వచ్చినది. అన్నిటను ఒదిగిన మనిషి ఒదుగని తావు ఇదియొకటి.

భాష వశమైన తరువాత ఆయన దానిని పనిలో పెట్టెను. పత్రికలకు వ్రాసెను, సభలలో ఉపన్యసించెను. భారతదేశ రాజకీయములను గూర్చియు, కథలను గూర్చియు జపాను భాషలో పదికి మించిన గ్రంథములు వెలువరించెను. 1926లో నాగసాకిలో జరిగిన ఆసియా జాతుల మహాసభలో పాల్గొనెను. ఆసియా విద్యార్థులకు టోక్యోలో వసతి కల్పించెను. అంతకుముందు జపానీయులకు భారతదేశము బుద్ధుని జన్మభూమిగానో, బ్రిటిషువారి వలసగానో తెలిసియుండెను. స్వాతంత్ర్యము కోరు దేశముగా దానిని వారి భాషలోనే వారికి పరిచయము చేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

ఇంతవఱకు లాభము. ఇక నష్టము. 1920ల నడుమ ఆయన, చైనాయెడ జపాను పాశ్చాత్యులవలె ప్రవర్తించుచున్నదని విమర్శించినవాడు. తరువాత ఆ కంఠము తగ్గెను. 1937లో జపాను చైనాపై దండెత్తగా భారత జాతీయ కాంగ్రెసు నిరసించెను. ఆ నిరసనను అడ్డుకొనవలసినదిగా రాస్ బిహారీ రవీంద్రునికి తంతి పంపెను. రవీంద్రుడు సమ్మతింపలేదు. ఏ కవి పేరు ఒకనాడు ఆయనను సముద్రము దాటించెనో, ఆ కవియే ఇప్పుడు ఆయనతో ఏకీభవింపలేకపోయెను. ఆశ్రయమిచ్చిన దేశమునుండి తన దేశమునకు సాయము కోరుచున్నవాడు ఆ దేశపు తప్పును ఎంతవఱకు చెప్పగలడు? ఆయన మౌనమునకు ఇది కారణము కావచ్చును గాని సమర్థనము కాజాలదు. దాని భారమును చైనీయులు, కొరియనులు మోసిరి.

1941 డిసెంబరులో యుద్ధము పసిఫికునకు వ్యాపించెను. 1942 మార్చిలో టోక్యోలోను, జూనులో బాంగ్‌కాక్‌లోను జరిగిన సభల పిదప రాస్ బిహారీ భారత స్వాతంత్ర్య సంఘమునకు నాయకుడయ్యెను. మలయా, బర్మాలలోని భారతీయులలో తోటలలోను, రేవులలోను పనిచేయు తెలుగువారును కలరు. జంషెడ్‌పూరు కొలుముల వద్దకు ఉత్తరాంధ్రనుండి వలసపోయినవారివంటి శ్రామికులే వీరును. వారి యెదుట నిలిచిన ఈ నాయకుడు జపాను పౌరుడు, జపాను ఇంటి అల్లుడు, కుమారుడు జపాను సైనికుడు. ఈయన ఎవరి మనిషి అని వారు సందేహించుట సహజము. బాంగ్‌కాక్ తీర్మానములకు జపాను ప్రభుత్వమునుండి స్పష్టమైన ఆమోదమును ఆయన సంపాదింపలేకపోవుటచే ఆ సందేహము బలపడెను. 1942 డిసెంబరులో ఆజాద్ హింద్ ఫౌజు అధిపతి మోహన్‌సింగ్ ఆయనతో విభేదించి నిర్బంధింపబడెను. సైన్యము చెదరిపోవు స్థితికి వచ్చెను.

ఇట్టి స్థితిలో రాస్ బిహారీ చేసిన పని ఆయన వ్యక్తిత్వమునకు గీటురాయి. 1943 జూలై 4న సింగపూరులో, తనకంటె పదునొకండేండ్లు చిన్నవాడైన సుభాష్ చంద్రబోసునకు నాయకత్వమును తానే అప్పగించెను. టోక్యోవారితో వారి భాషలో మాటలాడగల సామర్థ్యము రాస్ బిహారీకి కలదు. జంషెడ్‌పూరువంటి చోట్ల కార్మికుల నడుమ నిలిచి సంపాదించిన ప్రజావిశ్వాసము సుభాష్‌కు కలదు. ఆనాడు కావలసినది రెండవది. తనకు ఇరువదియెనిమిదేండ్లలో లభించినది ఏదియో, లభింపనిది ఏదియో ఆయన ఎఱిగినట్లే ప్రవర్తించెను.

అప్పటికే క్షయవ్యాధి ఆయనను పట్టియుండెను. 1945 జనవరి 21న టోక్యోలో ఏబదియెనిమిదేండ్ల వయస్సున మరణించెను. కుమారుడు ఆ యేడే ఒకినావా యుద్ధమున హతుడయ్యెను. రెండున్నరేండ్ల తరువాత సిద్ధించిన స్వాతంత్ర్యమును చూచుటకు ఆయన లేడు. సమాధి టోక్యో నగరపు తామా శ్మశానవాటికలో కలదు.

పరదేశమున ఒదిగినవారిని గూర్చి సాధారణముగా రెండు మాటలు విందుము. కొందఱు దానిని విజయమందురు, కొందఱు మఱపు అందురు. రాస్ బిహారీ జీవితము ఈ రెంటికిని లొంగదు. జపాను భాష రానిచో ఆయన భారతదేశము పక్షమున ఒక్క వాక్యమైన అచట పలుకలేకపోయెడివాడు. అదే భాష, అదే పౌరసత్వము స్వజనుల యెదుట ఆయనకు అడ్డుగోడలయ్యెను. సాధనమును, అవరోధమును వేఱుచేయ వీలులేకపోయెను. మన భాషలవారు అన్యదేశములకు వెళ్ళి స్థిరపడిన చరిత్రలను పరిశోధించువారు, ఎంత నేర్చిరి అనుటతోపాటు ఆ నేర్పునకు ఎవరెవరు ఏ వెల చెల్లించిరి అను లెక్కను కూడ చూడవలసియున్నది. ఈ లెక్కలో తోషికో పేరు మొదట వ్రాయదగినది.