కాలం బాగయ్యేదాక ఆగలే.. ఉరికిండు!

పొద్దుగాల ఐదింటికి ఏ ఊరి రోడ్డు మీద చూసినా ఉరికే పిల్లలు కనిపిస్తరు. కానిస్టేబుల్ కొలువుకనో, అగ్నివీర్‌కనో 1600 మీటర్ల పరుగు కొట్టాలె. నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు. వచ్చినా కేసులల్ల ఎన్నాళ్లు ఆగుతదో తెల్వదు. ఇంకెన్ని రోజులు ఉరుకుతవని ఇంట్ల అడుగుతనే ఉంటరు. గసొంటి తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒకాయన బతుకు తెలుసుకోవాలె. పేరు ఎమిల్ జాటోపెక్. అప్పటి చెకొస్లోవేకియా దేశం.

1922 సెప్టెంబర్ 19న పుట్టిండు. తండ్రి వడ్రంగి, ఇంటినిండ పిల్లలు. మీసాలు రాకముందే జ్లిన్ పట్నంల బాటా బూట్ల ఫ్యాక్టరీల పనికి కుదిరిండు. మన బస్టాండ్ల కాడ దుకాణాలున్న బాటా కంపెనీ పుట్టింది ఆ పట్నంలనే. 1939ల హిట్లర్ సైన్యం ఆ గడ్డను ఆక్రమించింది. రేపు ఏమైతదో ఎవ్వలికీ తెల్వని కాలం.

1941ల ఫ్యాక్టరీ వాళ్లు పరుగు పందెం పెట్టి ఈయన్ని కూడ ఉరకమన్నరు. ఉరకబుద్ధి కాక మోకాలు నొస్తున్నదని చెప్పి చూసిండు. డాక్టర్ చూసి ఏం లేదు, ఉరుకు అన్నడు. ఉరికితే రెండో స్థానం వచ్చింది. గట్ల మొదలైంది కథ. 1944 కల్లా 2000, 3000, 5000 మీటర్లల్ల దేశ రికార్డులు ఈయన పేరు మీదికొచ్చినయ్.

ఆయన ఉరుకుడు చూడనీకి అందంగ ఉండకపోయేది. తల అటిటు ఊగేది, మొఖం వంకర్లు పోయేది. చూసినోళ్లు నవ్వెటోళ్లు. యుద్ధం అయినంక మిలట్రీల చేరిండు. దినమంత డ్యూటీ, దిగినంక ప్రాక్టీస్. బరువైన మిలట్రీ బూట్లతోని, మంచుల, చీకటైతే టార్చిలైటు పట్టుకొని ఉరికిండు.

ఆయన పట్టుకున్న కిటుకు ఒక్కటే: పెద్ద దూరాన్ని ముక్కలు చేసుడు. 400 మీటర్లు జోరుగ ఉరుకుడు, జెరసేపు మెల్లగ జాగింగ్, మళ్ల 400 మీటర్లు. ఒక్కోరోజు 40 సార్లు కూడ చేసిండు. ఇయ్యాల ప్రతి కోచ్ చెప్పే ఇంటర్వెల్ ట్రైనింగ్‌ను లోకమంత పాకిచ్చినోళ్లల్ల ఈయన ముందటి వరుస. 40 రౌండ్లని తలుచుకుంటే ఎవ్వలికైనా గుండె జారుతది. ముందున్నది ఒక్క రౌండే అనుకుంటే కాలు కదులుతది. అయితే ఒక్క మాట, ఆయన లెక్కను రేపటి నుంచే దించుకోకండ్రి. ఆరు రౌండ్లతోని మొదలువెట్టి నెలనెలా పెంచుకోవాలె. ఆయన లెక్క బరువైన మిలట్రీ బూట్లేసుకొని ఉరికితే దెబ్బలు తగిలే ప్రమాదం ఉంటది.

1948 లండన్ ఒలింపిక్స్‌ల 10,000 మీటర్లల్ల బంగారం, 5000ల వెండి కొట్టిండు. 1952 హెల్సింకికి పొయ్యే ముందట ఇంకో లొల్లి. యుంగ్‌విర్త్ అనే తోటి రన్నర్ తండ్రి రాజకీయ ఖైదీ అని, సర్కారు ఆ పిల్లగాన్ని ఆపింది. ఆయన పోకపోతే నేనూ పోనని జాటోపెక్ మొండికేసిండు. సర్కారే దిగొచ్చింది, ఇద్దరూ పోయిండ్రు. ఆడ ఎనిమిది రోజులల్ల 10,000, 5000, మారథాన్ మూడూ గెలిచిండు. మారథాన్ ఉరుకుడు ఆయనకు అదే మొదటిసారి. 5000 గెలిచిన దినమే భార్య డానా ఈటె విసురుడుల బంగారం కొట్టింది. ఆ మూడు పరుగులు ఒక్క ఒలింపిక్స్‌ల గెలిచినోడు ఇయ్యాల్టిదాక ఇంకొకడు లేడు.

పతకాలొచ్చినయ్ కదా, బతుకు సాఫీగ పోయింది అనుకుంటే పొరపాటే. 1968ల తన దేశంల జనానికి జెర స్వేచ్ఛ గావాలన్నోళ్ల తరఫున నిలవడ్డడు. ఆగస్టుల సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌ల దిగితే, బజార్ల నిలవడి ఆ సైనికులను నిలదీసిండు. ఇగ సర్కారు పగపట్టింది. మిలట్రీల నుంచి తీసేసిండ్రు, పార్టీల నుంచి ఎల్లగొట్టిండ్రు. బోర్లేసే టీంల కూలి పని చేసుకుంట, ఇంటికి దూరంగ బండి గుడిసెల ఏండ్లకేండ్లు బతికిండు. ఆఖరుకు ఒత్తిడికి తలవంచి, తన మాటలు వాపస్ తీసుకుంటున్నట్టు చెప్పిండు. కొందరు దాన్ని తప్పువట్టిండ్రు. 42 కిలోమీటర్లు ఆగకుంట ఉరికినోన్ని కూడ రాజ్యం వంచగలదని మనం గుర్తువెట్టుకోవాలె. 1989ల ఆ సర్కారు కూలినంకనే ఆయన పరువు ఆయనకు తిరిగొచ్చింది. 2000 నవంబర్ల ప్రాగ్‌ల కన్నుమూసిండు.

ఇంకొక్క ముచ్చట. ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్ ఎన్నో ప్రపంచ రికార్డులు కొట్టిండు గని, ఒలింపిక్ బంగారం దక్కలే. 1966ల ప్రాగ్‌కొచ్చి తిరిగి పోతుంటే జాటోపెక్ చిన్న పొట్లం చేతుల పెట్టిండు. క్లార్క్ తర్వాత ఇప్పి చూస్తే, 10,000 మీటర్లల్ల గెలిచిన హెల్సింకి పతకం!

కష్టపడితె అన్నీ అవే వస్తయని నేను చెప్తలేను. నోటిఫికేషన్ సర్కారు చేతుల ఉన్నది. అది ఆలస్యమైతె తప్పు ఉరికే పిల్లలది కాదు. దాని కోసం అడగాలె, కొట్లాడాలె. గని కాలం మంచిగయినంక ఉరుకుత అనుకుంటే, జాటోపెక్‌కు ఉరికే రోజే రాకపోవు. ఆయన చేతుల ఉన్నది ముందటి 400 మీటర్లే. మన చేతుల కూడ ఇయ్యాల్టికి గంతే ఉన్నది. ఉరుకుండ్రి. పక్కోడు ఎన్కవడితె, ఓ రౌండు వాని ఎంబటి కూడ ఉరుకుండ్రి.