ముక్కలుగా వచ్చిన కారు

‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. మా హాస్టల్ రూమ్‌లో ఓ రాత్రి నలుగురం ఒకే లాప్‌టాప్ చుట్టూ చేరి చూశాం. క్లైమాక్స్ గుర్తుందా? లె మాన్స్ 24 గంటల రేసులో కెన్ మైల్స్ అందరికంటే ముందుంటాడు. మన మూడు కార్లూ కలిసి ఫినిష్ లైన్ దాటితే ఫోటో అదిరిపోతుందని ఫోర్డ్ కంపెనీ వాళ్ళు కబురు పెడతారు. పాపం ఆయన స్లో చేస్తాడు. తీరా చూస్తే కప్పు పక్కనున్న నల్ల కారుకి పోతుంది. ఆ కారు స్టార్టింగ్‌లో కాస్త వెనక నుంచి బయల్దేరింది కాబట్టి అదే ఎక్కువ దూరం నడిచినట్టని లెక్క చెప్తారు. ఇది కథ కోసం కల్పించింది కాదు, 1966లో నిజంగానే జరిగింది. ఆ నల్ల కారు నడిపింది ఇద్దరు న్యూజిలాండ్ వాళ్ళు, బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్.

ఆ రాత్రి నేను బ్రూస్ మెక్‌లారెన్‌ని బాగా తిట్టుకున్నాను. ఇంకా గట్టిగా తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని మర్నాడు అతని గురించి చదవడం మొదలుపెట్టాను. అలా మొదలైన చదువు రెండు వారాలు సాగింది. మధ్యలో ఒక ఇంటర్నల్ కూడా పాడైంది, అది వేరే సంగతి. చివరికి తిట్టడానికేమీ దొరకలేదు. దొరికింది ఒక పాత డొక్కు కారు.

బ్రూస్ 1937 ఆగస్టు 30న న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టాడు. తండ్రి లెస్ మెక్‌లారెన్‌కి రెమ్యూరా అనే పేటలో పెట్రోల్ బంకు, దానికి ఆనుకుని వర్క్‌షాపు ఉండేవి. అంటే మనోడు గ్రీజు వాసనలోనే పెరిగాడు. ఆటల్లో చురుగ్గా ఉండే పిల్లాడు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి కుంటడం మొదలుపెట్టాడు. డాక్టర్లు పెర్తిస్ వ్యాధి అన్నారు. తొడ ఎముక పైభాగంలో, తుంటి దగ్గర ఉండే గుండుకి రక్తం సరిగ్గా అందక అది మెత్తబడి అరిగిపోతుంది. అప్పట్లో దానికి ఉన్న వైద్యం ఒక్కటే, కాలి మీద బరువు పడకుండా నెలల తరబడి కదలకుండా పడుకోబెట్టడం. దాంతో వికలాంగ పిల్లల కోసం నడిపే విల్సన్ హోమ్‌లో చేర్పించారు. దాదాపు రెండేళ్ళు చక్రాలున్న ఒక ఫ్రేమ్‌కి కాళ్ళు కట్టేసి ఉంచారు. ఆ చక్రాల మంచాల మీదే పిల్లలు వరండాల్లో పందేలు పెట్టుకునేవాళ్ళని చెప్తారు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి రెండేళ్ళంటే ఎంత కాలమో ఆలోచించండి. మనకి లాక్‌డౌన్‌లో రెండు నెలలకే పిచ్చెక్కింది కదా.

నడక వచ్చింది. కానీ ఎడమ కాలు కుడి కాలికంటే పొట్టిగా ఉండిపోయింది. జీవితాంతం కొంచెం కుంటుతూనే నడిచాడు. రగ్బీ అంటే ప్రాణం పెట్టే దేశంలో ఆ పిల్లాడికి ఆట అనేది అక్కడితో అయిపోయింది.

అప్పుడొచ్చింది కారు. లెస్ ఒక ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ కొన్నాడు. కొన్నాడంటే కారు నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడని కాదు. విడి భాగాలుగా వచ్చింది. 1929 మోడల్, అంటే బ్రూస్ కంటే వయసులో పెద్దది. బాగుచేసి, నాలుగు డబ్బులు మిగుల్చుకుని అమ్మేద్దామన్నది తండ్రి ప్లాన్. కొడుకు ప్లాన్ వేరు. ముక్కలు ఒక్కొక్కటీ కలిసి కారు అవుతున్నకొద్దీ అమ్మొద్దని పోరు పెట్టాడు. చివరికి తండ్రి ఒప్పుకున్నాడు.

ఈ అల్‌స్టర్ గురించి కాస్త చెప్పాలి. ఆస్టిన్ సెవెన్ అనేది ఇంగ్లండ్‌లో మామూలు కుటుంబాల కోసం తయారుచేసిన బుల్లి కారు. దాన్నే కిందికి దించి, తేలికపాటి బాడీ వేసి అమ్మిన రేసింగ్ మోడల్ అల్‌స్టర్. నాలుగు సిలిండర్ల ఇంజన్ మొత్తం కలిపి 747 సీసీ. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే కొన్ని బైకులకి కూడా అంతకంటే పెద్ద ఇంజన్ ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్‌ని పట్టుకునేవి ముందొక బేరింగ్, వెనకొక బేరింగ్, అంతే. ఇంజన్ వేగం పెరిగితే ఆ షాఫ్ట్ మధ్యలో ఊగుతుంది. బ్రేకులు సైకిల్ బ్రేకుల్లా కేబుల్‌తో పనిచేస్తాయి. నాలుగు కేబుళ్ళూ సమానంగా బిగించకపోతే బ్రేక్ తొక్కగానే కారు ఒక పక్కకి లాగుతుంది.

పాత కారుని స్పీడ్ చెయ్యడమంటే ఏదో పెద్ద పార్ట్ కొని తగిలించడం అనుకునేవాణ్ణి. అలా కాదట. కంప్రెషన్ పెంచితే పవర్ పెరుగుతుంది, పవర్ పెరిగితే వేడి పెరిగి హెడ్ గాస్కెట్ పోతుంది. గాస్కెట్ సంగతి చూసుకుంటే బేరింగులు అరుస్తాయి. అన్నీ సర్దుకుని స్పీడ్ వస్తే, ఆ స్పీడ్‌ని ఆపడానికి బ్రేకులు చాలవు. ఒక బగ్ ఫిక్స్ చేస్తే మూడు కొత్త బగ్‌లు రావడం మనకి తెలిసిందే. తేడా ఏంటంటే మన బగ్ వల్ల స్క్రీన్ మీద ఎర్ర గీతలొస్తాయి, అక్కడ గుట్ట దిగుతున్నప్పుడు బ్రేక్ పడదు. (నేను కూడా ఒకసారి మా తాతయ్య పాత స్కూటర్ కార్బురేటర్ విప్పాను. మళ్ళీ బిగించాక ఒక స్ప్రింగ్ మిగిలింది. స్కూటర్ ఇప్పటికీ పెరట్లోనే ఉంది.)

లైసెన్స్ రాకముందు ఇంటి వెనక పెరట్లో, చెట్ల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో దారి చేసుకుని దాని మీదే తిరిగేవాడు బ్రూస్. పద్నాలుగు, పదిహేనేళ్ళ వయసులో ఆ కారుతోనే మురివాయ్ బీచ్ దగ్గర హిల్ క్లైంబ్‌లో పాల్గొన్నాడు. గుట్ట మీదికి ఒక్కొక్కరే కారు ఎక్కించి టైమ్ చూసుకునే పోటీ అది. అతని మొదటి పోటీ అదే. ఆస్టిన్ సెవెన్‌తోనే కుస్తీ పట్టే ఫిల్ కెర్ అనే ఇంకో కుర్రాడు ఆ రోజుల్లోనే స్నేహితుడయ్యాడు. తర్వాత మెక్‌లారెన్ కంపెనీ నడిపినవాళ్ళలో అతనూ ఒకడు.

అల్‌స్టర్ తర్వాత ఒక ఫోర్డ్ స్పెషల్, తర్వాత ఆస్టిన్-హీలీ, ఆ తర్వాత కూపర్. ఒక పక్క ఆక్లాండ్‌లో ఇంజనీరింగ్ చదువు. 1958లో న్యూజిలాండ్ గ్రాండ్ ప్రి వాళ్ళు ఒక కుర్ర డ్రైవర్‌ని యూరప్ పంపే స్కీమ్ పెట్టి, మొదటి ఏడాది బ్రూస్‌ని ఎంచుకున్నారు. డిగ్రీ మధ్యలోనే వదిలేసి వెళ్ళాడు. (ఈ వాక్యం మా అమ్మానాన్నలకి చూపించకండి.)

అక్కణ్ణుంచి కథ చాలా ఫాస్ట్. అదే ఏడాది జర్మన్ గ్రాండ్ ప్రిలో చిన్న ఇంజన్ ఉన్న ఫార్ములా టూ కారుతో మొత్తం మీద ఐదో స్థానం. 1959లో కూపర్ టీమ్‌లో ఫార్ములా వన్. ఆ డిసెంబర్‌లో అమెరికాలోని సెబ్రింగ్‌లో చివరి ల్యాప్‌లో టీమ్ లీడర్ జాక్ బ్రబమ్ కారులో పెట్రోల్ అయిపోయింది. వెనకే వస్తున్న బ్రూస్ గెలిచాడు. అప్పటికి వయసు 22 ఏళ్ళ 104 రోజులు. ఇండియనాపొలిస్ 500ని పక్కన పెడితే, అంత చిన్న వయసులో గ్రాండ్ ప్రి గెలిచినవాళ్ళు 2003లో అలోన్సో వచ్చేదాకా ఇంకెవరూ లేరు.

కానీ నాకు ఆ ట్రోఫీల కంటే 1964 నాటి పని ఎక్కువ నచ్చింది. అంతకు ముందు ఏడాదే బ్రూస్ సొంత టీమ్ పెట్టుకున్నాడు. 1964 ఫిబ్రవరిలో ఆ టీమ్‌లోని కుర్ర డ్రైవర్ టిమ్మీ మేయర్ టాస్మానియాలో ప్రాక్టీస్ చేస్తూ చనిపోయాడు. బ్రూస్ స్నేహితుడి గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆగిపోలేదు. టిమ్మీ అన్న టెడ్డీ మేయర్ లాయరు, అతనూ టీమ్‌లోనే ఉండిపోయాడు.

ఆ ఏడాదే బ్రూస్ అమెరికాలో ఒకప్పుడు రోజర్ పెన్స్కే నడిపిన జెరెక్స్ స్పెషల్ అనే సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. దాని చరిత్ర వింటే నవ్వొస్తుంది. 1961లో యాక్సిడెంట్ అయిన ఒక ఫార్ములా వన్ కూపర్ కారు తుక్కుని పెన్స్కే కొని, దాని మీద స్పోర్ట్స్ కారు బాడీ వేసి, మధ్యలో డ్రైవర్‌ని కూర్చోబెట్టి రేసులు గెలిచాడు. స్పోర్ట్స్ కారుకి రెండు సీట్లుండాలని రూలు. పక్కన పేరుకి ఒక బుల్లి సీటు పెట్టి లోపల ఇరికించాడు. మన ఆటోల్లో డ్రైవర్ పక్కన నాలుగో మనిషి కూర్చునే సీటు లాంటిదన్నమాట. దాని మీద పెద్ద గొడవైంది.

ఆ కారుని బ్రూస్ బృందం ఇంగ్లండ్‌లోని న్యూ మాల్డెన్‌లో ఒక షెడ్డులో పెట్టింది. మట్టి పని యంత్రాలు కూడా అదే షెడ్డులో ఉండేవి, ఎక్కడ చూసినా దుమ్మే. ముందు పాత క్లైమాక్స్ ఇంజన్‌తోనే కొన్ని రేసులు నడిపారు. ఫ్రేమ్ మెలి తిరుగుతోందని తెలిసింది. మధ్య భాగాన్ని కోసి పారేసి, సొంతంగా పైపులతో కొత్త ఫ్రేమ్ వెల్డ్ చేసి, ఓల్డ్స్‌మొబీల్ వీ8 ఇంజన్ దించారు. ఎగ్జాస్ట్ పైపులు సరిగ్గా చేసే టైమ్ కూడా లేక ఎనిమిదింటినీ పైకే వదిలేశారు. రంగు కోసం హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే దొరికింది ఆకుపచ్చ పెయింట్ ఒక్కటేనట, అదే వేసేశారు. ఆ కారుతో బ్రూస్ కెనడాలోని మోస్పోర్ట్‌లో జూన్‌లో దిగి, మొదటి రేసులోనే గెలిచాడు. పేరు మాత్రం కూపర్-ఓల్డ్స్‌మొబీల్ అనే రాశారు. ఎందుకంటే బ్రూస్ అప్పటికింకా కూపర్ టీమ్ డ్రైవరే.

ఇలాంటి పనే ఇంకోటి. తమ తొలి స్పోర్ట్స్ కార్లలో ఒకదాన్ని టెస్ట్ చేస్తుంటే ముందు భాగంలో ఉన్న పెట్రోల్ ట్యాంక్ మూత టపటపా కొట్టుకోవడం కనిపించింది. సరిగ్గా మూయలేదని మొదట విసుక్కున్నాడు. తర్వాత డౌటొచ్చింది. కారు ఎంత స్పీడుగా వెళ్తే గాలి ఆ మూతని అంత గట్టిగా కిందికి నొక్కాలి కదా, మరి ఇంకా ఎక్కువ లేస్తోందేంటి? అంటే మూత పైన ఉన్న గాలి కంటే కింద ఉన్న గాలికే ఒత్తిడి ఎక్కువ. రేడియేటర్ గుండా లోపలికొచ్చిన గాలికి బయటికి పోయే దారి లేదు. వెంటనే పిట్‌కి వచ్చి, కత్తెర తీసుకుని రేడియేటర్ వెనక బాడీని తనే కోసేశాడు. మళ్ళీ ట్రాక్ మీదికెళ్తే ల్యాప్ టైమ్ తగ్గింది. ఎర్రర్ మెసేజ్ వస్తే మూసేసి మళ్ళీ రన్ కొట్టే నాలాంటివాడికి ఈ సంఘటన చదివాక కాస్త సిగ్గేసింది.

తర్వాత గెలుపులు వరసగా వచ్చాయి. 1968లో బెల్జియంలోని స్పాలో తన పేరున్న కారుతోనే ఫార్ములా వన్ రేసు గెలిచాడు. అమెరికా, కెనడాల్లో జరిగే కాన్-యామ్ సిరీస్‌లో 1967, 1969 ఛాంపియన్ అతనే. 1969లో మొత్తం 11 రేసులుంటే 11 కూడా మెక్‌లారెన్ కార్లే గెలిచాయి. అప్పటికి కార్ల రంగు నారింజ అయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మెక్‌లారెన్ పేరుతో వచ్చిన కార్లకీ ఆ నారింజే ఉంది. టీవీలో చూశాను. అప్పుడు నాకు ఆ పేరు ఒక కంపెనీ పేరు మాత్రమే, వెనక ఒక మనిషి ఉన్నాడని కూడా తెలీదు.

1970 జూన్ 2న ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్ మీద ఆ ఏటి కొత్త కాన్-యామ్ కారు ఎం8డి టెస్టింగ్ జరుగుతోంది. నడుపుతున్నది బ్రూసే. వుడ్‌కోట్ మలుపుకి ముందున్న స్ట్రెయిట్‌లో పూర్తి వేగంలో ఉండగా కారు వెనక భాగం బాడీ ఊడి లేచిపోయింది. రెక్క కూడా దానితోనే ఉంది కాబట్టి వెనక చక్రాలని నేలకి నొక్కి ఉంచే గాలి బలం ఒక్కసారిగా పోయింది. కారు గిర్రున తిరిగి ట్రాక్ పక్కనున్న మార్షల్ పోస్టు మట్టి దిబ్బని గుద్దుకుంది. బ్రూస్ అక్కడికక్కడే చనిపోయాడు. వయసు 32. భార్య ప్యాటీ, చిన్న కూతురు అమాండా ఉన్నారు. టిమ్మీ కోసం అతను రాసిన వ్యాసాన్ని అందరూ మళ్ళీ తీసి చదివారు, ఈసారి అతని కోసం.

నాకు ఈ చోట చాలాసేపు బుర్ర పనిచేయలేదు. బాడీ కింద గాలి చేరితే ఏమవుతుందో ఒక బుల్లి మూతని చూసి కనిపెట్టిన మనిషే అతను. ఇందులో ఏదో అర్థం ఉందని కొందరు అంటారు. నాకైతే అర్థమేమీ కనబడలేదు. టెస్ట్ డ్రైవర్‌ని విడిగా పెట్టుకోగలిగిన స్థాయికి వచ్చాక కూడా, తను చేయించిన కారుని ముందు తనే నడిపి చూడాలనుకునేవాడు. అంతే.

మర్నాడు ఎవరూ పనికి రావక్కర్లేదని చెప్పినా వర్క్‌షాపులో అందరూ హాజరయ్యారట. ప్రమాదం జరిగిన 12 రోజులకి, జూన్ 14న, మోస్పోర్ట్‌లో కాన్-యామ్ సీజన్ మొదలైంది. టీమ్‌లో రెండో డ్రైవర్ డెనీ హల్మ్‌కి అంతకు ముందు నెలలోనే ఇండియనాపొలిస్‌లో రెండు చేతులూ కాలాయి. కట్లతోనే రేసులో దిగాడు. బ్రూస్ స్థానంలో వచ్చిన డాన్ గర్నీ ఆ రేసు గెలిచాడు. ఆకుపచ్చ పెయింట్ కారుతో బ్రూస్ ఆరేళ్ళ కిందట గెలిచిన ట్రాక్ అదే. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ హల్మ్‌కే వచ్చింది.

ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో మెక్‌లారెన్ హెడ్ ఆఫీసు ఉంది. పెద్ద అద్దాల బిల్డింగు, ముందొక చెరువు. లోపల పొడవాటి హాల్లో ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన కార్లు వరసగా పెట్టి ఉంటాయి. ఫోటోల్లో చూశాను. ఆ వరసలోనే సన్నటి సైకిల్ చక్రాల్లాంటి చక్రాలతో, మిగతా వాటి పక్కన బొమ్మలా కనిపించే కారు ఒకటుంది. 1929 నాటి ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్. లెస్ అమ్మేద్దామనుకున్నది అదే.