ఆయుధం కన్నా ముందు అభ్యాసం
(మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు జీవితం)



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని అడిగారు. మేము అల్లూరి సీతారామరాజును ఎంచుకున్నాము. దానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, మన పిల్లల్లో కరాటే నేర్చుకుంటున్నవాళ్ళు ఉన్నారు. సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు గ్రౌండులో పంచ్‌లు, కిక్‌లు ప్రాక్టీసు చేస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నాలుగు కిక్‌లు వచ్చాయో లేదో, ఎవరి మీద వేద్దామా అని చూసేవాళ్ళూ ఉంటారు. ఆత్మరక్షణ ఎక్కడ ముగుస్తుంది, దౌర్జన్యం ఎక్కడ మొదలవుతుంది అన్నది ఏ బెల్టూ నేర్పదు.

రెండవది, మనది అడవి అంచు. ఖమ్మం దాటి, కొత్తగూడెం దాటి, భద్రాచలం గోదావరి బ్రిడ్జి ఎక్కితే అవతల అంతా మన్యమే. ఇక్కడి పల్లెలకు తుపాకీ కొత్త కాదు. ఆ పక్క తుపాకీకి అన్నం పెట్టారని ఈ పక్క, ఈ పక్క తుపాకీకి దారి చూపారని ఆ పక్క అడిగితే జవాబు చెప్పలేక నలిగిన ఇళ్ళు మనకు తెలుసు. అందుకని మనం ఆయుధం గురించి సినిమా చూసి వచ్చినట్టు మాట్లాడకూడదు.

సినిమా మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. 1974లో కృష్ణ గారి సినిమా వచ్చింది. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’ చూసి సీతారామరాజు, కొమరం భీం ప్రాణస్నేహితులని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. అది కథ కోసం కల్పించింది. భీం పోరాటం ఆదిలాబాదు అడవుల్లో నిజాం ప్రభుత్వం మీద. ఆయన 1940లో జోడేఘాట్ దగ్గర అమరుడయ్యారు. రాజు అప్పటికి 16 ఏళ్ళ ముందే మరణించారు. వాళ్ళిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు.

మన నేలకూ ఆ మన్యానికీ సంబంధం

రంప, గూడెం అంటే ఎక్కడో దూరమని అనుకోవద్దు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. 1879 మార్చిలో రంపలో మొదటి పెద్ద తిరుగుబాటు లేచింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు జులుం, పోలీసుల లంచాలు దానికి కారణాలు. ఆ ఏడాది జూలైకల్లా అది పోడు పన్ను పెంచిన రేకపల్లికి పాకింది. అంటే రాజు పుట్టకముందే మన గోదావరి ఒడ్డున ఫితూరీ జరిగింది. 1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2022లో రాజు పేరుతో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మన పక్కనున్న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, ఎటపాక మండలాలను అందులోనే చేర్చారు. గీతలు మారినా కొండలు అవే.

బాల్యం, చదువు

సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నం జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మ గారి ఊళ్ళో జన్మించారు. తండ్రి వెంకటరామరాజు గారు ఫొటోగ్రాఫర్. తల్లి సూర్యనారాయణమ్మ గారు. సొంత ఊరు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. 1908లో తండ్రి చనిపోయారు. ఆ తరువాత చదువు ఒక ఊళ్ళో నిలవలేదు. నరసాపురంలో పినతండ్రి రామకృష్ణంరాజు గారు తహసీల్దారుగా ఉండి చదివించారు. కాకినాడలో చదువుతున్నప్పుడు మద్దూరి అన్నపూర్ణయ్య గారు స్నేహితుడయ్యారు. హైస్కూలు చదువు మధ్యలోనే ఆగిపోయింది.

తండ్రి లేని పిల్లవాడు, బంధువుల ఇళ్ళు, మారిన బళ్ళు, ఆగిన చదువు. హాస్టలు పిల్లలకు ఈ మాటలు విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనిషిమి మేము. చదువు ఎంత సులువుగా తెగిపోతుందో మాకు తెలుసు.

అయిదేళ్ళ సాధన

బడి మానినా రాజు నేర్చుకోవడం మానలేదు. గుర్రపు స్వారీ నేర్చారు. జ్యోతిషం, వనమూలికల వైద్యం నేర్చారు. 1916లో ఉత్తర భారతదేశం వెళ్ళి పుణ్యక్షేత్రాలు తిరిగి వచ్చారు. 1917లో గూడెం కొండల కింద కృష్ణదేవిపేటలో స్థిరపడ్డారు.

ఇక్కడ తమ్ముళ్ళు తేదీలు గమనించాలి. ఆయన మన్యానికి వచ్చింది 1917లో. మొదటి తుపాకీ చేతికి తీసుకున్నది 1922 ఆగస్టులో. మధ్యలో అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళు కాలినడకన కొండలు తిరిగారు. ఏ ఊరికి ఏ దారి, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది, ఎవరికి ఏ కష్టం ఉంది అన్నీ తెలుసుకున్నారు. జబ్బు చేసినవాళ్ళకు మందు ఇచ్చారు. సహాయ నిరాకరణ రోజుల్లో కల్లు, సారా మానమని చెప్పారు. కోర్టులకు పోకుండా పంచాయితీల్లో తగాదాలు తీర్చుకోమన్నారు. గాంధీ గారి ఖద్దరును, మద్యపాన నిషేధాన్ని మెచ్చుకున్నారు గానీ బలప్రయోగం లేకుండా స్వాతంత్ర్యం రాదని నమ్మారు. ప్రభుత్వానికి అనుమానం వచ్చి ఆయన మీద నిఘా పెట్టింది. ఆయనను మన్యం నుంచి కొంతకాలం దూరంగా ఉంచింది. తరువాత డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ గారి సాయంతో పైడిపుట్టలో ఆయనకు భూమి కూడా ఇచ్చారు. ఆ భూమి చూసుకొని ఆయన ఊరుకోలేదు.

రాజు సాధనలో ఎక్కువ భాగం ఆయుధంతో చేసింది కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. శరీరం, దారి, మనుషుల నమ్మకం, ఈ మూడూ ముందు సంపాదించారు. తుపాకీ చివరికి వచ్చింది.

ఎందుకు తిరగబడ్డారు?

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక తాతల నాటి పోడు నేరమైపోయింది. అడవిలో కట్టె కొట్టినా, పశువులు మేపినా అడిగేవాడు వచ్చాడు. ముఠాదార్లకు పాత గౌరవం పోయింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి కొండల మీదికి రోడ్డు వేయిస్తూ కొండ జనం చేత చాలీచాలని కూలికి, కొరడా దెబ్బలతో పని చేయించాడు. పై అధికారులకు చెప్పినా ప్రయోజనం కనిపించలేదు. బాస్టియన్ వల్ల నష్టపడిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు రాజుతో కలిశారు. రాజు బయటి నుంచి వచ్చిన మనిషి. కొండ తెలిసినవాళ్ళు, బాణం వేయగలవాళ్ళు, ముందుండి ప్రాణాలు ఇచ్చినవాళ్ళు ఎక్కువమంది మన్యం బిడ్డలే. విగ్రహం ఒక్కరికే ఉన్నా పోరాటం ఒక్కరిది కాదని మనం గుర్తుంచుకోవాలి.

ఆయుధాలకు రసీదు

కొండ జనానికి విల్లు ఇంట్లో గొడ్డలి లాంటిదే. మన కోయ పల్లెల్లో భూమి పండుగ నాడు విల్లంబులు పట్టుకొని వేటకు వెళ్ళడం ఎరిగినవాళ్ళు ఈ మాట ఒప్పుకుంటారు. అది వేటకు, పంట కాపలాకు, ప్రాణరక్షణకు. కానీ బాణం పోయే దూరం వేరు, రైఫిలు గుండు పోయే దూరం వేరు. అందుకే రాజు తుపాకులు కొనలేదు, తయారు చేయలేదు, సర్కారు స్టేషన్లకే వెళ్ళారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. దాదాపు 300 మందితో వరుసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేశారు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. లొంగిన పోలీసులను చంపలేదు. తీసుకున్న ఆయుధాల లెక్క కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి వచ్చారు.

దొంగ సంతకం పెట్టడు. తాను చేసిన పనికి తానే బాధ్యుడినని నమ్మినవాడే పెడతాడు. అక్టోబరులో అడ్డతీగల స్టేషనుకు ముందే కబురు పెట్టి మరీ వెళ్ళారు. పోలీసులు తుపాకులు ముందే దాచేశారు కాబట్టి అక్కడ ఏమీ దొరకలేదు. ఆ నష్టానికి ఆయన సిద్ధపడే కబురు పెట్టారు. బాణానికి మిరపకాయలు కట్టి సందేశం పంపేవారని జనం చెప్పుకునే మిరపకాయ టపా ఇలాంటి కబుర్ల నుంచి పుట్టిందే.

ఎవరి మీద ఎక్కుపెట్టాలి?

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటు వేశారు. ఇరుకు దారిలో బలగం వస్తోంది. ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చారు. వెనుక వస్తున్న ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌ల మీదనే కాల్పులు జరిపారు. ఇద్దరూ చనిపోయారు. మన దేశస్థుల మీద గుండు వేయకూడదని రాజు కట్టడి చేశారు. ఎదురుగా శత్రువు యూనిఫారంలో మనిషి నడుస్తుంటే, చేతిలో తుపాకీ ఉండి, వేలు ఆపుకోవడం చిన్న విషయం కాదు. ఏ విద్యకైనా అదే కష్టమైన పాఠం. కొట్టడం ఆరు నెలల్లో వస్తుంది, చేయి ఆపుకోవడానికి ఏళ్ళు పడుతుంది.

ఓటమి కూడా చదవాలి

గెలుపులు మాత్రమే చెబితే అది జీవితచరిత్ర కాదు. రాజుకు దైవశక్తి ఉందని, ఆయనకు గుండ్లు తగలవని జనం నమ్మారు. ఆ నమ్మకం ధైర్యం ఇచ్చింది గానీ గుండును ఆపలేదు. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు స్పెషల్ పోలీసు దళం ఎదురైంది. ఆ దళానికి శిక్షణ ఉంది, మెరుగైన ఆయుధాలు ఉన్నాయి. రాజు పక్షాన ప్రాణాలు పోయాయి. స్టేషన్లలో సంపాదించిన తుపాకుల్లో కొన్ని చేజారాయి. తరువాత కొన్ని నెలలు మన్యం నిశ్శబ్దమైంది. 1924లో కొండ యుద్ధంలో ఆరితేరిన అస్సాం రైఫిల్సు దిగింది.

ఇక ప్రభుత్వం ఊళ్ళ మీద పడింది. తిరుగుబాటుదార్లకు తిండి పెట్టారని పల్లెలకు జరిమానాలు వేశారు. పశువులను తోలుకుపోయారు. కింది నుంచి సరుకులు రానివ్వలేదు. ఆయుధం పట్టినవాడి కన్నా పట్టనివాడే ఎక్కువ బాధపడ్డాడు. ఈ మాట మన ప్రాంతంలో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు.

1924 మే 7న మంప దగ్గర రాజు పట్టుబడ్డారు. కొయ్యూరుకు తీసుకుపోయి మేజర్ గుడాల్ సమక్షంలో చెట్టుకు కట్టి కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు. కృష్ణదేవిపేటలో అంత్యక్రియలు జరిగాయి. తీసుకున్న ప్రతి తుపాకీకి ఆయన లెక్క రాసి ఇచ్చారు. ఆయన ప్రాణానికి ఆ ప్రభుత్వం లెక్క చెప్పలేదు. మరుసటి నెలలో గంటందొర కూడా కాల్పుల్లో మరణించారు.

మల్లుదొర మాత్రం బతికారు. పట్టుబడి అండమాను జైలు అనుభవించారు. 1952లో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఒకప్పుడు ఏ ప్రభుత్వం స్టేషన్ల నుంచి తుపాకులు తెచ్చారో, ఆ ప్రభుత్వం పోయిన తరువాత చట్టాలు చేసే సభలో కూర్చున్నారు. పరీక్షలో ఆయన పేరు అడగకపోయినా తమ్ముళ్ళు గుర్తుంచుకోవాలని మా మనవి.

మనం నేర్చుకోవలసింది

సీతారామరాజు కాలంలో మన్యం మనిషికి ఓటు లేదు, అడిగే హక్కు లేదు. ఇప్పుడు మనకు రాజ్యాంగం ఉంది. ఆత్మరక్షణ హక్కు కూడా చట్టంలోనే ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆ సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్నాయి. మన శరీరాన్ని, పక్కవాడి శరీరాన్ని కాపాడుకోవడానికి ఎదిరించవచ్చు. అయితే రక్షణకు ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం తీసుకునేంత సమయం ఉంటే ఆ హక్కు వర్తించదు. దెబ్బ తిన్న మరునాడు నలుగురిని పోగేసుకొని వెళ్ళి కొట్టడం ఆత్మరక్షణ కాదు, కేసు. ఆ కేసుతో ఉద్యోగం పోతుంది, ఇంట్లో మొదటి డిగ్రీ అక్కడే ఆగిపోతుంది.

కులం పేరు పెట్టి తిడితే రక్తం ఉడుకుతుంది. మాకూ ఉడికింది. దానికోసం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఫిర్యాదు ఎలా రాయాలో, ఏ తేదీ, ఏ చోటు, ఎవరు సాక్షులో ఎలా పెట్టాలో నేర్చుకోవడం కూడా ఒక అభ్యాసమే. రాజు లెక్క రాసి సంతకం పెట్టినట్టు, మనం జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాలి.

కరాటే మానమని మేము చెప్పడం లేదు. బాగా నేర్చుకోండి, ముఖ్యంగా చెల్లెళ్ళు తప్పక నేర్చుకోండి. అడవి దారిలో, బస్సులో, ఊరి చివర అది అవసరం పడుతుంది. తెల్లవారి లేవండి, పరుగెత్తండి, మాస్టారు చెప్పిన ఒక్క దెబ్బను వంద సార్లు చేయండి. ఎదుటివాడు పడిపోయాక ఆగడం కూడా అంతే శ్రద్ధగా చేయండి.

మన్యం వీరులందరికీ జోహార్లు అర్పిస్తూ, ఈ ఏడాది పరీక్షలు రాస్తున్న పిల్లలందరూ మంచి మార్కులతో పాసు కావాలని కోరుకుంటున్నాము.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి.